ఎడమ కంటికి మూడు రోజుల ఉపవాసం

కొందరి పరువు తాగుడు వల్ల పోతుంది, కొందరిది తగాదాల వల్ల పోతుంది. నా పరువు మాత్రం ఒక ఖాళీ పాల డబ్బాలో పడాల్సిన తెల్ల బంతి అందులో పడనందువల్ల పోయింది. పోయేదేదో చాటుగా పోయిందా అంటే అదీ లేదు. సిద్దిపేట క్రైస్తవ సంఘాన్నంతా పిలిచి, నాకు పిల్లనివ్వబోయే పెద్దమనిషిని ముందు వరసలో నిలబెట్టి మరీ పోయింది. మీరు నవ్వుతారని తెలుసు. కొంచెం ఆగి నవ్వండి. ఇప్పుడే నవ్వేస్తే మిగతా దానికి నవ్వు చాలదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. మిషన్ బడిలో పంతులుగా ఉండేవాణ్ణి. వారంలో ఆరు రోజులు పిల్లలకు ఎక్కాలు చెప్పడం, ఏడో రోజు గుడిలో బైబిలు వాక్యం చదవడం నా పని. ఎవరు తుమ్మినా ఆ తుమ్ముకు సరిపోయే వాక్యం ఒకటి నా నోట సిద్ధంగా ఉండేది. వాక్యం నోటికి రావడం వేరు, బుద్ధి రావడం వేరు అని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే దానికి కూడా ఒక వాక్యం అప్పజెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నాకు పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. నంగునూరు ఉపదేశి దానియేలు గారి కూతురు ఎస్తేరు. ఆమెను ఒకే ఒక్కసారి ప్రార్థన కూటాల్లో పాట పాడుతుండగా చూశాను. అప్పటినుంచి నా ప్రార్థనల్లో రోగుల పేర్ల కంటే ముందు ఆమె పేరు వస్తుండేది. ఈ సంబంధానికి మధ్యవర్తి మా మిషన్ దవాఖాన డాక్టరు దొరగారు. "పిల్లగాడు ఎసొంటోడు?" అని దానియేలు గారు అడిగితే, "ఇంకను చూచుచున్నాను" అన్నారట దొరగారు. పాతికేళ్ళుగా మన దేశంలో ఉన్నా ఆయన తెలుగు మాత్రం అచ్చు పుస్తకంలోంచి లేచి వచ్చినట్టే ఉండేది. ఆయన ఇంకా చూస్తున్నారు గనక చూసినంతసేపూ బాగా కనిపించడం నా ధర్మమైంది.

ఇక్కడ గోల్ఫ్ వచ్చింది. దవాఖాన వెనక బీడులో దొరగారు మూడు చోట్ల పాల డబ్బాలు పాతించి, వాటి చుట్టూ ఇసుకలో పాత మోటారు నూనె కలిపి చదును చేయించారు. పచ్చిక మొలవని నేలకు అదే పచ్చిక. మేము దాన్ని నూనెమడి అనేవాళ్ళం. డబ్బాలో ఒక జెండా కర్ర. చేతిలో ఉండే ఆటకర్రతో బంతిని మెల్లగా తట్టి ఆ డబ్బాలో పడెయ్యాలి. దొరగారితో ఆడే ఇంజనీరు గారికి బదిలీ కావడంతో ఆయన చూపు నా మీద పడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను డబ్బా గెలిచి నంగునూరు గెలుద్దామనుకున్నాను.

డబ్బా గెలవలేదు. నా బంతి రోజూ డబ్బాకు జానెడు కుడిపక్కగా, దానితో పూర్వం ఏదో గొడవ ఉన్నట్టు, ముఖం తిప్పుకుని పోయేది. ఒక గురువారం సాయంత్రం దొరగారు కర్ర కింద పెట్టారు.

"రత్నమూ, నీ బంతి ప్రతిసారియు కుడి ప్రక్కగా పోవుచున్నది. ఎందువలన?"

"సైతాను వల్లనేమో దొరగారూ."

"సైతానునకు వేరే పనులు కలవు. నీవు గురి చూచునప్పుడు ఏ కన్ను మూయుదువు?"

"ఎడమది దొరగారూ. చిన్నప్పటి సంది గంతే. జొన్న చేన్ల పిట్టలను కొట్టేటప్పుడు గూడ ఎడమ కన్నే మూసేటోన్ని."

"పిట్టలు పడెడివా?"

"పడకపోయేటివి దొరగారూ. కడుపు నిండినంక అవ్వే లేచిపోయేటివి."

దొరగారు నవ్వాపుకుని నా రెండు చేతులూ ముందుకు చాపించి, అరచేతుల మధ్య చిన్న కిటికీ చేయించారు. అందులోంచి రెండు కళ్ళతో జెండా కర్రను చూడమన్నారు. చూశాను. కర్ర నిక్షేపంగా ఉంది. "ఇప్పుడు ఎడమ కన్ను మూయుము." మూశాను. కర్ర మాయం! "ఇప్పుడు కుడి కన్ను మూయుము." కర్ర మళ్ళీ ప్రత్యక్షం, ఎక్కడికీ పోనట్టు.

"చూచితివా? నీ కన్నులలో ఎడమది యజమాని. కుడిది దాని సేవకుడు. నీవు బంతి వెనుక నిలిచి సేవకునితో దారి చూచుచున్నావు. బంతి యొద్దకు వచ్చి రెండు కన్నులు తెరవగానే యజమాని లేచి, ఈ దారి తప్పు అనుచున్నాడు. ఇద్దరి నడుమ నీ చేయి తడబడుచున్నది. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. దేవుడు కొందరిని అట్లు చేసెను. ఎడమ కంటితోనే దారి చూడుము. ఆ కన్ను బంతికి సరిగా పైకి వచ్చునట్లు తల వంచుము. ఏ కన్నును మూయవద్దు."

ఎంత చక్కటి మాట! ఎంత తేలికైన మందు! అయితే నేను విన్నది 'ఎడమది యజమాని' అన్నంతవరకే. ఆ తర్వాత నా చెవులు మూతపడి, నోటికొచ్చిన వాక్యాలు తెరుచుకున్నాయి. తీర్పు రోజున గొర్రెలు, అంటే నీతిమంతులు, కుడి పక్క, మేకలు, అంటే పాపులు, ఎడమ పక్క నిలబడతాయని చిన్నప్పుడే చదువుకున్నవాణ్ణి. కుడి చేత్తో తింటాను, కుడి చేత్తో రాస్తాను, కుడి కాలు ముందుపెట్టి గుడిలోకి పోతాను. అలాంటిది నా ముఖంలో మేకల పక్షం రాజ్యమేలుతోందా? రేపు పరలోకపు వాకిట్లో "నీ యజమాని ఎవరయ్యా?" అని అడిగితే ఏ కంటితో జవాబు చెప్పాలి?

అక్కడికక్కడే తీర్మానించాను. ఎడమ కంటికి మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఉపవాసం. చూపు అనే అన్నం పెట్టకుండా మాడిస్తే అదే దారికొస్తుంది, కుడి కన్ను గద్దెనెక్కుతుంది. దొరగారికి చెప్పలేదు. బంతి టంగుమని డబ్బాలో పడ్డ రోజు ఆయనే ఆశ్చర్యపోవాలి, ఆ ఆశ్చర్యంలోనే నంగునూరుకు కబురు పంపాలి. ఇదీ నా ఆలోచన.

నేరుగా దవాఖాన కాంపౌండరు యేసేపు దగ్గరికి పోయాను.

"ఏంది పంతులూ, కండ్లకలకనా?"

"కాదు. కన్ను మంచిగనే ఉన్నది. కట్టు కట్టు."

"మంచిగున్న కన్నుకు కట్టెందుకు?"

"పెద్దరికం చేస్తుంది. అణచాలె."

"పెద్దరికమా? మా ఇంట్ల మా ఆమె చేస్తది. నేనేమన్న కట్టు కట్టిన్నా?" అన్నాడు గాని, కట్టాడు. యుద్ధం వల్ల కొత్త గుడ్డకు కరువు. అందుకని ఉతికిన పాత పట్టీ తీశాడు. దాని మీద ఎర్రమందు మరక ఒకటి ఎన్ని ఉతుకులకూ పోకుండా మిగిలి ఉంది. ఆ మరకను తెచ్చి సరిగ్గా కంటి గుంట మీదే పెట్టాడు. నాకది కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? చూడాల్సిన కన్ను దాని వెనకే ఉంది మరి.

ఆ మూడు రోజులూ నేను పడ్డ పాట్లు చెబితే రాళ్ళు కూడా పకపకా నవ్వుతాయి. కొత్త యజమాని కుడి కన్నుకు దూరం, దగ్గర తెలియలేదు. చాయ్ కప్పులో పోశాననుకుంటే నేల తాగింది. బడిలో సుద్దముక్కతో గాలిలో కూడికలు చేస్తుంటే పిల్లలు భక్తితో చూశారు. మా ఇంటి దర్వాజా పాపం రోజుకు నాలుగుసార్లు నా భుజాన్ని పలకరించేది. ఇక చీకటిపడే వేళ ఒంటరిగా నూనెమడి మీద బంతి కొడితే, కొన్నిసార్లు అది సగం దారిలో కూర్చుండిపోయేది, కొన్నిసార్లు డబ్బా దాటి నారాయణరావుపేట తోవ పట్టేది. అయినా నేను సడలలేదు. మూర్ఖుడికి పట్టుదల తోడైతే గుడ్డి ఎద్దుకు గంట కట్టినట్టే. ఎటు పోతుందో దానికి తెలియదు గాని చప్పుడు మాత్రం ఊరంతా వినిపిస్తుంది.

శనివారం పొద్దుగూకే వేళ మా సంఘ పెద్ద యాకోబు తాత ఎదురుపడ్డాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. మనసులో దుఃఖం పుడితే దాన్ని నాలుగు వీధులకు పంచితే గాని నిద్రపోడు.

"అయ్యో బిడ్డా! కన్నుకేమైంది?"

గోల్ఫ్ అని చెప్పేస్తే పోయేది. కాని ఎలా చెప్పను? ఆటల్లో కాలం వృథా చేయరాదని కిందటి నెలే యువకుల కూటంలో ముప్పావు గంట ప్రసంగించాను. ఆ కూటంలో ముందు కూర్చుని తల ఊపిందీ ఈ తాతే. అందుకని గొంతు గంభీరం చేసుకున్నాను.

"గీ కన్ను నన్ను తప్పుదోవ పట్టిస్తుంది తాతా. ఇగ దాని ఆట సాగనియ్య."

తాత నోరు తెరుచుకుంది. "గంత పని చేసినవా బిడ్డా?"

"చేసిన. మొదట కొంచెం కష్టమైంది. ఇప్పుడు అలవాటైంది."

తాత తలపాగా తీసి చంకలో పెట్టుకుని, నన్నూ ఆ ఎర్ర మరకనూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. నా క్రమశిక్షణ చూసి పెద్దాయన కరిగిపోయాడని సంతోషించాను.

ఆ రాత్రి మా వాడలో ఏం జరిగిందో తర్వాత యేసేపు చెప్పాడు. తప్పు చేయించే కన్నును ఉంచుకోవడం కంటే తీసి పారేయడం మేలన్న వాక్యం సంఘంలో అందరికీ తెలిసిందే. ఇన్నేళ్ళకు దాన్ని అక్షరాలా పాటించిన మొనగాడు సిద్దిపేటలో పుట్టాడని పొయ్యి పొయ్యి దగ్గరా చెప్పుకున్నారట. సందేహం ఒక్కటే మిగిలింది.

"వాక్యంల కుడి కన్నని గదా ఉన్నది? పంతులు ఎడమది తీసుకున్నడేంది?"

"గుడిల పంతులు ఎటు మొకం పెట్టి కూసుంటడు? మన దిక్కు. ఆడోళ్ళు ఏ దిక్కు కూసుంటరు? ఆయనకు ఎడమ దిక్కు. ఇగనన్న సమజైందా?"

అందరికీ సమజైంది. మర్నాడు గుడిలో ఆడవాళ్ళ వరసల్లో కొంగు నిండా కప్పుకోని మనిషి లేదు. అరవై దాటినవాళ్ళు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, 'నన్నేనేమో' అన్నట్టు సర్దుకున్నారట.

ఆ ఆదివారం మధ్యాహ్నంతో నా మూడు రోజుల గడువు తీరుతుంది. ఆరాధన అయ్యాక విప్పుదామని కట్టుతోనే వెళ్ళి, పీఠం పక్క బల్ల మీద కూర్చున్నాను. నాకు తెలియనిది ఏమంటే, వచ్చే వారం నన్ను చూడ్డానికి రావాల్సిన నంగునూరు దానియేలు గారు ఈ వారమే బండి కట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. తోడుగా ఆయన అక్క మరియమ్మ వచ్చి ఆడవాళ్ళలో కూర్చుంది. ఆమె సూత్రం ఒకటే: "చెప్పి వస్తే పిల్లగాడు తలకు నూనె రాసుకుంటడు. చెప్పకుంట వస్తేనే అసలు మొకం కనబడ్తది." కనబడింది. సగం.

యాకోబు తాత ప్రార్థనకు లేచాడు. అందరం కళ్ళు మూసుకున్నాం. నేను ఉన్న ఒక్కటీ మూసుకున్నాను.

"ప్రభువా, మా నడుమ ఒక పడుచు పిల్లగాడున్నడు. ఆయన కన్ను ఆయన్ను తప్పుదోవ పట్టించింది. మేమందరం గసొంటి కండ్లు పెట్టుకోనే తిరుగుతున్నం ప్రభువా. ఆయనొక్కడే ధైర్యం చేసిండు..."

నా గుండె పొంగింది. నన్ను పొగుడుతుంటే వినయంగా ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. గుడి పెంకులు అదిరేలా "ఆమేన్!" అన్నాను.

"...పోయిన కన్ను ఎట్లాగూ పోయింది ప్రభువా. ఉన్న కన్నునన్న కాపాడు."

కాలు జారితే లేవొచ్చు, ఆమేన్ జారితే లేపలేం. నేను ఉలిక్కిపడి కన్ను తెరిచేసరికి ఆడవాళ్ళ వైపు ఎవరో వెక్కి ఏడుస్తున్నారు. ఆ ఏడుపు మీదుగా ఒక గొంతు లేచింది.

"ఓ దానేలూ! లే. బండి కట్టు, పోదాం!"

గుడి ముందు వాకిట్లో వాళ్ళను అందుకునేసరికి నాకు చెమటలు పట్టాయి. బండి వెళ్ళిపోతే ఎస్తేరు కూడా అందులోనే వెళ్ళిపోయినట్టు. మరియమ్మ మాత్రం అప్పటికే తీర్పు చెప్పేసింది.

"మా పిల్లకు రెండు కండ్లున్నోన్ని చూసుకుంటం. గది గూడ ఎట్ల పోయిన కన్నాయె!"

"అత్తమ్మా, కన్ను పోలే! ఉన్నది!"

"ఎవరయ్య నీకు అత్తమ్మ?"

నేను కట్టు లాగి పారేశాను. మూడు రోజులు చీకట్లో మగ్గిన కన్ను ఎండకు తట్టుకోలేక ఎర్రగా, నీళ్ళు కారుస్తూ, సగమే తెరుచుకుంది. అయినా కన్ను కన్నే. జనం తొంగి చూశారు. కొందరు దేవుణ్ణి స్తుతించారు. కొందరికి కొంచెం నిరాశ. అందరికంటే ఎక్కువ నిరాశ యాకోబు తాతకు.

"మరి నిన్న తీసిన అన్నవు గదా బిడ్డా?"

"తీసిన అనలే తాతా! దాని ఆట సాగనియ్య అన్న."

"ఉంటే ఉండెగని," అని మరియమ్మ అందుకుంది, "కట్టెందుకు కట్టినట్టు? ఊకెనే కట్టుకుంటరా ఎవరన్న? చూడరానిదేదో చూసిండు. కన్ను తీసుకుందామంటె పానం ఒప్పలె. గుడ్డ చుట్టుకోని అగ్గువల పని ముగిచ్చిండు!"

చూశారా? కన్ను పోయిందనుకున్నంతసేపూ నేను భక్తుణ్ణి. కన్ను దొరికేసరికి పాపినయ్యాను.

అప్పటికి దొరగారు దవాఖాన నుంచి వచ్చారు. సంగతి విని, ఒక నిమిషం చేతుల్లో ముఖం దాచుకుని, తర్వాత యజమాని కన్ను, సేవకుడి కన్ను కథంతా విప్పి చెప్పారు. చివర నా వైపు తిరిగి, "మూయవద్దని చెప్పితిని గదా, రత్నమూ!" అన్నారు. ఒక్కరూ నమ్మలేదు. బంతి కోసం కన్ను కట్టుకునే పంతులు ఉంటాడని ఎవరు నమ్ముతారు? దానియేలు గారు ముందుకు వచ్చారు.

"దొరగారూ, మీరు అబద్ధమాడరు. గని పిల్లగాన్ని కాపాడాలని జరంత ఎక్కువ చెప్తున్నరేమోనని నా అనుమానం. గా ఆటేందో ఒక్కసారి చూపిస్తె మనసు నిమ్మలమైతది."

దొరగారు ఆదివారం ఆట ముట్టరు. అనుమతి అడుగుతున్నట్టు ఆకాశం వైపు చూశారు. "ఇది ఆట కాదు," అన్నారు చివరికి. "సాక్ష్యము. సాక్ష్యము ఆదివారమున చెప్పవచ్చును."

సంఘమంతా పండుగ ఊరేగింపులా నూనెమడి చుట్టూ చేరింది. దొరగారు డబ్బాకు ఐదడుగుల దూరంలో బంతి పెట్టారు. చంటిపిల్ల పొర్లించినా పడే దూరం. నా చేతిలో కర్ర. ఎదురుగా దానియేలు గారు. ఎడమ కన్ను ఏడుస్తోంది, కుడి కన్ను మూడు రోజుల రాజ్యాన్ని వదలనంటోంది. నాకు డబ్బాలు రెండు కనిపించాయి. న్యాయంగా ఉంటుందని రెండింటి మధ్యకు కొట్టాను.

మొదటి బంతి యాకోబు తాత రెండు కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది. తాత "ప్రభువా!" అని ఎగిరాడు.

"ఇంకొకటి," అన్నారు దొరగారు. అది నాలుగు అంగుళాలు కదిలి, ఆలోచించుకుని ఆగిపోయింది.

"కడపటిది," అన్నారు దొరగారు నీరసంగా. ఈసారి ప్రాణాలన్నీ చేతుల్లోకి తెచ్చుకుని కొట్టాను. బంతి డబ్బాను చూడనైనా చూడకుండా పక్కకు తిరిగి, పోయి పోయి మరియమ్మ చీలమండకు టకీమని తగిలింది.

"ఓ అవ్వో, చంపిండు!"

అయిపోయింది అనుకున్నాను. ఎస్తేరు, ఆమె పాట, నంగునూరు తోవ, అన్నీ ఆ ఒక్క బంతితో దొర్లిపోయాయి. దానియేలు గారు మెల్లగా వంగి బంతి తీసి, తుడిచి, దొరగారికిచ్చి, అక్క వైపు తిరిగారు.

"అక్కా, పిల్లనిద్దాం."

"ఏంది? కాలిరగ్గొడ్తె పిల్లనిస్తవా?"

"నువ్వే చూస్తివి గదా. ఐదడుగుల దూరంల, కదలకుంట మెదలకుంట నోరు తెర్సుకోని ఉన్న డబ్బాకు గురిపెట్టరాలె ఈనికి. గంత దూరంల కొంగు కప్పుకోని కూసున్న ఆడోళ్ళ మీద ఏం గురిపెడ్తడు? ఈడు చేసిన పాపమేంది లేదు. చేద్దామన్నా చాతగాదు!"

సంఘం ఘొల్లుమంది. యాకోబు తాత నవ్వి నవ్వి తలపాగాతో కళ్ళు తుడుచుకున్నాడు. మరియమ్మ చీలమండ రుద్దుకుంటూ నన్ను ఎగాదిగా చూసి, చివరికి ఒప్పుకుంది.

"ఇచ్చుడైతె ఇయ్యి తమ్మీ. గని పుస్తె కట్టేటప్పుడు పక్కనుండి ఈని చెయ్యి పట్టుకో. లేకుంటె తీస్కచ్చి నా మెడల కడ్తడు!"

పుస్తె కట్టాల్సిన మెడలోనే కట్టానని, దానియేలు మామ నిజంగానే నా మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడని ఇక్కడ మనవి చేస్తున్నాను. కనుక ఓ పాఠకులారా, నేను, అనగా రత్నం పంతులు, పూర్తి స్పృహతో గంభీరంగా చేస్తున్న ప్రతిజ్ఞ ఇది. దేవుడు నా ముఖంలో ఏ కన్నును యజమానిగా నియమించాడో ఆ కన్ను మాటే వింటాను. గొర్రెలెవరో మేకలెవరో తేల్చే పని ఆయనకే వదిలేస్తాను. ఇక బతికినన్నాళ్ళు ప్రార్థనకు, నిద్రకు, మరియమ్మత్త తిట్లకు తప్ప కన్ను మూయను. మూయక తప్పని రోజున రెండూ కలిపే మూస్తాను.